కంజీర టీచరమ్మ

మా చిన్నపిల్లల బడి టీచరమ్మ మొన్న ఆదివారం పోయింది. కబురు విని ఏడ్చాను. సమాధుల దొడ్డికి పోయాక మాత్రం ఏడుపు ఆగిపోయి రోత పుట్టింది.

రెండేళ్ళ కింద, యుద్ధం ఇంకా నడిచే రోజుల్లో, గురజాల చర్చి వసారాలో నాలుగైదేళ్ళ పిల్లలకి ఆమె చదువు చెప్పేది. జ్వరమొచ్చి కాలు చచ్చుబడిన మా అమ్మాయిని ఎత్తుకుపోతే, "ఎన్నాళ్ళు మోస్తావమ్మా? దించు, పాకనీ" అంది.

ఆమె ఒళ్ళో ఎప్పుడూ కంజీర ఉండేది. అది మోగినంతసేపు పిల్లలు తిరగాలి, ఆగితే పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవాలి. కుమ్మరోళ్ళ పిల్లాడికి చెవుడు, నోటెంట చొంగ. వాడి అరచెయ్యి కంజీర చట్రానికి ఆనించి వాయించేది. అదురు ఆగగానే వాడు చెయ్యెత్తేవాడు. వాణ్ణి చూసే అందరూ ఆగాలి! మా అమ్మాయి కోసం దెబ్బ నెమ్మది చేస్తే, పరిగెత్తే పిల్లలూ మోకాళ్ళ మీద పడి పాకేవాళ్ళు.

"మిమ్మల్నెవరు పాకమన్నార్రా?" అని నవ్వేది.

ఒకరోజు సంఘపెద్ద భార్య వచ్చి చూసింది. "ఛీ! ఆ చొంగ చెయ్యి మా పిల్ల పట్టుకోవాలా?" అని కూతురి అరచెయ్యి పైటచెంగుతో తోమింది. మర్నాడే పెద్దాయన హుకుం: అట్టాంటి పిల్లలు వెనక పశువుల కొట్టంలో కూర్చోవాలి.

"అయితే నేనూ అక్కడే అయ్యా" అని టీచరమ్మ కంజీర పట్టుకుని పేడ కంపులో కూర్చుంది. వసారాలో పిల్లలంతా ఒక్కొక్కరే కొట్టంలోకి ఉరికారు. దాంతో ఆమెను బడి నుంచి తీసేశారు. రవికెలు కుట్టుకుని బతికింది. పోయేదాకా సాయంత్రాలు తన వాకిట్లోనే పిల్లల్ని ఆడించింది.

ఆ పెద్దాయనే సమాధి దగ్గర గొంతు వణికిస్తూ, "మా బడిలో అందర్నీ ఒక్కలాగే చూసిన తల్లి" అన్నాడు. అంతలో కుమ్మరోళ్ళ పిల్లాడు గుప్పెడు మట్టి పట్టుకుని ముందుకొచ్చాడు.

"ఎవరన్నా వీణ్ణి అవతలికి లాగండి" అంది ఆయన భార్య.

"టీచరమ్మ ఏనాడూ వీణ్ణి లాగలేదు, మీరే లాగారు. ఇయ్యాళన్నా ఊరుకోండి" అన్నాను. పిల్లాడు మట్టి వేసి, చెయ్యి చొక్కాకి తుడుచుకున్నాడు.

తిరిగొస్తూ మా అమ్మాయి కోసం వెతికాను. నాపరాళ్ళ గోడ వార నేల మీద కూర్చుని అచ్చనగాయలు ఆడుతోంది. ఎదురుగా, తెల్ల గౌనుతో ఎర్రమట్టిలో మఠం వేసుకుని, పెద్దాయన కూతురు.

"లేవవే! గౌను పాడవుద్ది!" రోడ్డు మీంచి తల్లి అరిచింది.

ఆ పిల్ల తలెత్తలేదు.

"ఉండమ్మా, ఇప్పుడు దీని వంతు."

మా అమ్మాయి రాయి పైకెగరేసింది.