నీలం డ్రెస్సు

పోర్టులో కలాసీగా రిటైరైన నూకయ్య మల్కాపురం టీ బడ్డీలో రోజూ పేపరు తిరగేసేది ఒక్క పనికే. పోర్టులోనే నీలం డ్రెస్సులో వెల్డింగు పని చేసే తమ్ముడు ఒకరోజు ఇంటికి తిరిగి రాలేదు. పోలీసులకూ నీలం డ్రెస్సనే చెప్పాడు. పేపర్లో గుర్తు తెలియని శవాల వార్తలు తప్ప ఇంకేమీ చూసేవాడు కాదు.

"సినిమా పేజీ కూడా సూడు బావా," అని బడ్డీవాడు నవ్వితే కసిరేవాడు.

"నోర్ముయ్యెహె! నీలం డ్రెస్సని ఉందా, లేదా? నాకదే కావాల. లేకపోతే పక్క వార్తకెళ్లిపోతాను. అలా సదివితేనే బుర్ర నిలుస్తాది."

తమ్ముడిలాంటి కాంట్రాక్టు కూలీలు గేటు దగ్గరే డ్రెస్సు విప్పి అప్పజెప్పి, సొంత బట్టల్లో ఇంటికి బయలుదేరతారని, డ్రెస్సుతోనే ఇంటికొచ్చే పర్మినెంటు ఉద్యోగం చేసిన అతనికి తట్టలేదు.

ఒక సాయంత్రం తమ్ముడి భార్య చిలకమ్మ, బజ్జీల పొట్లం విప్పిన కాగితంతో పరిగెత్తుకొచ్చింది. నూనె మరకల మధ్య వార్త చదివింది.

"గళ్ల చొక్కాతో గుర్తు తెలియని శవం. ఎడమ చేతి మీద చిలకమ్మ అని పచ్చబొట్టు. ఎవరూ రాకపోవడంతో పూడ్చిపెట్టారు." కాగితం అతని ముందుకు చాపింది. "ఇది నువ్వు సదవలేదేటి బావా?"

నూకయ్య కాగితం వైపు చూడలేదు.

"సదివానమ్మా. చొక్కా వరకే సదివాను."