ఇంట్లో మోగకూడని రాగం

మా పిల్లల కోసం పది నిమిషాల వయొలిన్ కాన్‌చెర్టో ఒకటి రాయాలని కూర్చున్నాను. ఒక వయొలిన్ ముందు నడుస్తుంటే మిగతా వాద్యాలు దానికి బదులు చెబుతుంటాయి, అదీ కాన్‌చెర్టో అంటే. మా పిల్లలంటే కోయంబత్తూరులో నా దగ్గర వయొలిన్ నేర్చుకునేవాళ్లు. మూడు భాగాల్లో మొదటిదీ చివరిదీ కంప్యూటర్‌లో చకచకా వచ్చేశాయి. ఆ సాఫ్ట్‌వేర్‌కి మొహమాటం ఎక్కువ. ఏ చెత్త రాసినా కమ్మగా వాయించి చూపిస్తుంది. నచ్చిన ముక్కను కాపీ చేసి నాలుగు చోట్ల అతికిస్తే పని అయిపోయినట్టే ఉంటుంది.

నడిమి భాగం మాత్రం రాలేదు. నెమ్మదిగా సాగాల్సిన భాగం అది. ఏం రాసినా సినిమాలో ఏడుపు సీను వెనక వినిపించేదానిలా ఉండేది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌నే తిట్టాను. నిజానికి ఏం కావాలో నాకు తెలుసు. నా చిన్నప్పుడు అరవదేశంలోని కంబంలో మా అవ్వ పోతే, అమ్మ ఆమె పక్కన కూర్చుని మా ఇంటి తెలుగులో ఏడుస్తూ పాడిన రాగం. ఆ ఏడుపు పాటను మా వైపు ఒప్పారి అంటారు. నాకు దాని మొదటి మలుపే గుర్తుంది. మిగతాదంతా అమ్మ గొంతులో ఉంది, అమ్మ గుండె చూస్తే అప్పటికే బలహీనపడింది.

అమ్మ ఉండే కారమడై వెళ్లి అడిగాను. అమ్మ కాఫీ గ్లాసు ఠక్కున కింద పెట్టింది.

“ఎవురూ పోకుండా ఇంట్లో ఒప్పారి పెట్టేదా? నీకేమన్నా పైత్యమా అమ్మణీ?”

తిరుగు బస్సులో దారంతా ఆమె మూఢనమ్మకాన్ని తిట్టుకుంటూనే వచ్చాను.

గుండె జబ్బుతో ఆసుపత్రిలో పడి, ఇంటికొచ్చిన కొన్నాళ్లకు అమ్మే పిలిచింది. నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. నా చెయ్యి పట్టుకుని, ఆగి ఆగి, అరటితోట చివరున్న మోటారు షెడ్డు దాకా నడిచి గట్టు మీద కూలబడింది. రికార్డు చేద్దామని ఫోన్ తీస్తే నా చేతిని నొక్కేసింది.

“దాంట్లో వొద్దు. కల్యాణం నాడో, బిడ్డ పుట్టిన నాడో అది మోగితే ఏం చేస్తావు? కంప్యూటర్లో కూడా వొద్దు. కాయితంలో రాసుకో. కాయితమైతే మోగకుండా సుమ్మా ఉంటాది.”

“మరి ఇప్పుడెందుకు పాడతానంటున్నావు?”

“నేను పోతే ఎవురు పాడేది? మీరు మైక్ సెట్టు పెట్టి అరవంలో పాడేవాళ్లని పిలిపిస్తారు. నాకు అర్థమైతాది గానీ, అది మనింటి ఏడుపు కాదు కదా.”

చచ్చాక అర్థమవుతుందట! నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

మాటలు లేకుండా వట్టి రాగం తీసింది. నేను స్వరాలు రాసే అయిదు గీతల కాగితం మోకాలి మీద పెట్టుకుని పెన్సిల్‌తో వెంటపడ్డాను. నాలుగు లెక్కలకో నిలువు గీత గీయడం నాకు అలవాటు. ఆ రాగం ఏ గీతకూ లొంగలేదు. ఊపిరి అందని చోటల్లా స్వరం తెగిపోయి, కింద నుంచి మళ్లీ మొదలయ్యేది. అది రాగమో, అమ్మ జబ్బో తెలియలేదు. అడగకుండానే ఉన్నదున్నట్టు రాసుకున్నాను.

“మాటలు చెప్పవా అమ్మా?”

“మాట్లు ముందే కట్టిపెట్టుకుంటారా ఎవరన్నా? పోయినోళ్ల మొహం చూస్తే అవే వస్తాయి.”

ఆమె చెప్పినట్టే ఆ రాగాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించలేదు. ఫైలులో నడిమి భాగం ఖాళీగానే ఉండేది. ప్లే నొక్కితే మొదటి భాగం అయ్యాక తెర మీద గీత ఒకటి చప్పుడు లేకుండా జరుగుతూ పోయేది. అమ్మది మూఢనమ్మకమన్న నేనే, ఆ కాగితం తీసినప్పుడల్లా పెదవులు బిగించుకుని చదివేదాన్ని. వాయిస్తే అమ్మ పోతుందని భయం.

వాయించకపోయినా పోయింది.

బంధువుల ఆడవాళ్లు చుట్టూ కూర్చుని అరవంలో ఒప్పారి పెట్టారు. బాగానే పాడారు. వాళ్లు కాస్త ఆగినప్పుడు మా పిన్నమ్మ నా భుజం తట్టింది.

“అక్కకి మన మాట్లో పాడు అమ్మణీ. నీకే కదా నేర్పిచ్చింది.”

కాగితం విప్పాను. స్వరాలన్నీ స్పష్టంగా ఉన్నాయి. అమ్మ మొహం చూశాను. మాటలు రాలేదు. వచ్చినవన్నీ బడిలో నేర్చుకున్న అరవం, ఇంగ్లీషు. తెలుగు చదవడం, రాయడం నేను ఆ తర్వాతే నేర్చుకున్నాను. అమ్మతో తెలుగులో మాట్లాడిందల్లా అన్నం గురించి, బస్సుల గురించి, మాత్రల గురించి. ఆమెను పొగడటానికి, బతిమాలడానికి, నన్ను వదిలి ఎందుకు పోయావని నిలదీయడానికి ఆ భాషలో నా దగ్గర ఏమీ లేదు.

“అమ్మా” అన్న మాట ఒక్కటే ఉంది. మొదటి స్వరం నుంచి చివరి దాకా దాంతోనే పాడాను. ఆమె ఊపిరి తెగిన చోటల్లా ఆగి, మళ్లీ ఆ మాటతోనే మొదలుపెట్టాను.