జరీ లేని ఈగ

మొన్న తొలకరి జల్లు పడిన మర్నాడు పొద్దున మా సీతాఫల్‌మండి ఇంటి బాల్కనీ నిండా ఉసిళ్ల రెక్కలే. ట్యూబులైటు చుట్టూ తిరిగి తిరిగి, రెక్కలు రాల్చేసి, పురుగులు మాత్రం ఎటో వెళ్లిపోయాయి. మా ఆవిడ చీపురు పట్టుకుని వచ్చేసరికి నేను బోర్లా పడుకుని, ఒక రెక్కను వేలి మీద పెట్టుకుని, ఎండకు పట్టి చూస్తున్నాను. "జెర జరుగుండ్రి. లెక్కల సారు గిట్ల నేల మీద పండుకున్నడని కింది పోర్షనోళ్లు చూస్తే రేపటి నుంచి ట్యూషన్‌కు ఎవ్వరు రారు" అంది. జరిగాను. ఆ మనిషికి చెప్పినా నమ్మదు గానీ, నా రాతకంటూ ఒక దారి దొరికిందంటే అది ఈ ఉసిళ్ల పుణ్యమే.

వారంలో ఆరు రోజులు ఒక ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెబుతాను. ఏడో రోజు చేపలు పడతాను. దొరికిన చేపల గురించి బాగా రాస్తాను, దొరకని వాటి గురించి ఇంకా బాగా రాస్తాను. చేపల పిచ్చి ఉన్న వాళ్లం ఓ పాతికమందిమి కలిసి నడుపుకునే చిన్న మాసపత్రిక ఒకటుంది. అందులో చివరి పేజీ నాది. ఈ జబ్బు అంటించినవాడు సైనిక్‌పురిలో ఉండే మా మేనమామ. మిలిటరీలో ఉండగా ఎక్కడో చలికొండల్లో, వాగుల ఒడ్డున నేర్చుకున్నాడట. ఇది వానపామును గుచ్చి, బెండు వదిలి, బీడీ ముట్టించుకుని కూర్చునే గాలం కాదు. కొక్కేనికి ఈకలూ దారమూ చుట్టి అచ్చం పురుగులాంటి దాన్ని కడతారు. దాన్నే మేం ఈగ అంటాం. సన్నటి కర్రతో తాడును గాల్లో ముందుకూ వెనక్కూ ఊపి, ఆ ఈగను నీటి మీద నిజం పురుగు వాలినంత మెత్తగా వాల్చాలి. దొరలు దీన్ని ఫ్లై ఫిషింగ్ అన్నారు, మా ఆవిడ ఈగలు తోలుకోవడం అంది. మోకాళ్లు అరిగాక మామ ఆ కర్రను నా చేతిలో పెట్టాడు. మొదటి ఏడాది నేను పట్టినవి రెండు తుమ్మచెట్లు, ఒక గేదె, నా సొంత చెవి. అన్నిటికన్నా గట్టిగా పోరాడింది గేదె.

మామ తెచ్చుకున్న ఈగలన్నీ ఆ తుమ్మచెట్లకే పండ్లలా వేలాడుతూ మిగిలిపోయాక, కట్టే మనిషి కోసం వెతుకుతుంటే మారేడ్‌పల్లిలో చాచా దొరికాడు. ఆయన పెళ్లి జాకెట్ల మీద మగ్గం పని చేస్తాడు. నాలుగు కర్రల చట్రానికి బట్టను డోలక్ తోలులా బిగించి, దాని ముందు కింద కూర్చుని, సూదితో పువ్వులు నింపుతుంటాడు. కొమ్మ నుంచి లాగి తెచ్చిన ఒక చిరిగిన ఈగను కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి చూశాడు. పోగు పోగూ విప్పి బట్ట మీద వరసగా పేర్చాడు. మళ్లీ కట్టాడు. "దీన్ని కట్టినోడు ఎడమచేతోడు" అన్నాడు. మామకు ఫోన్ చేస్తే నిజమేనన్నాడు. (ఈ మాట మీరు నమ్మకపోతే నేనేమీ అనుకోను. నా మాటల్లో నిజమైనవే ఎవరూ నమ్మరు.) అంతటితో ఆగకుండా చాచా, "గీ పురుగు మన దిక్కు ఉండదు మాస్టర్ సాబ్. మన చేపకు మన పురుగు గావాలె" అని, ఆ వానాకాలం ఒక ఉసిలి పురుగు మీద గాజుగ్లాసు బోర్లించి, దాన్ని చూసుకుంటూ కట్టాడు. చికెన్ కొట్టులో ఏరి తెచ్చిన పుంజు మెడ ఈకలు, గోధుమరంగు నూలు దారం, అంతే. చూడ్డానికి అది ఎందుకూ పనికిరాని వస్తువు. నీటి మీద వేస్తే మాత్రం గంటసేపు మునగలేదు.

షామీర్‌పేట దాటాక ఉన్న ఒక చెరువులో, పేరు అడగొద్దు, ఆ ఈగకు ఒక జిలేబి చేప పడింది. నా అరచేతి మీద పడుకోబెడితే తోక కూడా బయటికి రాలేదు. రాసేటప్పుడు అది కొర్రమీను అయింది. రెండో పేరాకు ఏడు కిలోలైంది. అంత చేప ముందు గోధుమరంగు ఈగ మరీ వెలవెలబోతోందని దానికి బంగారు జరీ చుట్టాను, నెమలి ఈక పెట్టాను. మారేడ్‌పల్లిలో ఒక చాచా వేళ్ల మహిమ అని కూడా రాశాను. ఆయనకు మంచి చేస్తున్నానన్న సంబరంతోనే రాశాను.

చాచా తెలుగు మాట్లాడతాడు గానీ చదవలేడు, ఉర్దూయే చదువుతాడు. కాబట్టి నా రాత ఆయనకు చేరింది సైనిక్‌పురి నుంచి స్కూటర్ల మీద దిగిన మామ దోస్తుల ద్వారా. జరీ ఈగ కావాలన్నారు. అట్లాంటిది నేను కట్టలేదన్నాడు. గోధుమరంగుది చూపించాడు. అసలుది దాచుకుని ముసలాయన అబద్ధమాడుతున్నాడని వాళ్లలో ఒకాయన మొహం మీదే అన్నాడట.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి ఈకల డబ్బా మీద గుడ్డ కప్పి ఉంది.

"ఈగల పని బంద్" అన్నాడు, సూది ఆపకుండానే. "ఏందీ మాస్టర్ సాబ్, నేను జరీ ఎప్పుడు చుట్టిన?"

"కథ గద చాచా. జెర మెరుపు ఉండాలని..."

"జరీ చుడితే బరువుకు మునుగుతది. తేలే పురుగుకు జరీ చుట్టెటోడు పనోడా? నా చేతికి గంత గూడ తెల్వదని పత్రికల ఎక్కించిండ్రు."

"చేప సుత అబద్ధమే చాచా" అన్నాను, అదేదో ఆయనకు ఊరట అన్నట్టు.

"చేపతోని నాకేం పని! చేపలు పట్టెటోళ్లు అందరు చేతులు గింత జాపుతరు. గది రివాజు. చేప మీది, ఎంతన్న పెంచుకోండ్రి. దారం నాది."

మూడు ఆదివారాలు ఆ గడప తొక్కలేదు. చెరువుకు పోలేదు. రాద్దామని కూర్చుంటే పది కిలోల చేపలు కలం దాకా వచ్చి, నా మొహం చూసి వెనక్కి పోయాయి. ఆ మనిషి పక్కన కూర్చుని తాగే చాయ్ లేకపోతే నాకు చేపలు కూడా అక్కర్లేదని అప్పుడే తెలిసింది. నాలుగో ఆదివారం వెళ్లి, "నాకు కట్టుడు నేర్పు చాచా" అన్నాను. ఆయన చేతిలో ఉన్న పువ్వు పూర్తి చేసి దారం తెంపాడు. తర్వాత డబ్బా మీద గుడ్డ తీసి నా వైపు నెట్టాడు.

ఆ పూట దారం పదకొండుసార్లు తెంపాను. గట్టిగా లాగితే తెగుతుంది, మెత్తగా లాగితే జారుతుంది. ఆ రెంటి మధ్య ఉన్న లాగుడు చాచా వేళ్లలోనే ఉంది. చివరికి తయారైనదాన్ని ఇంటికి తెస్తే మా ఆవిడ, "బాత్‌రూం జాలీల ఇరుక్కున్నదా?" అని అడిగింది. అదే రాశాను, ఉన్నదున్నట్టుగా. పుంజు మెడ ఈక ఎందుకు నిక్కి నిలబడుతుందో, జరీ ఎందుకు పనికిరాదో, పోయిన నెల రాసింది నా కోతే గాని చాచా పని కాదని కూడా రాశాను. పంపే ముందు మగ్గం దగ్గర కూర్చుని ఆయనకు చదివి వినిపించాను. ఒక్కచోట ఆపి, "మైనం రాసి చుడుతం, గది రాయలే" అన్నాడు. రాశాను.

పత్రిక వచ్చిన రోజు మామ ఫోన్ చేశాడు. "ఇన్నేండ్లు నువ్వు రాసినయి చదివి నవ్వుకుని పక్కన పెట్టేటోళ్లంర. ఇది చదివి చికెన్ కొట్టుకు పోయొచ్చిన" అన్నాడు. అబద్ధమన్న ఆ పెద్దమనిషి కూడా చాచా దగ్గరికి వెళ్లి, తలవంచి ఆదాబ్ చెప్పి, ఆరు గోధుమ ఈగలు తెచ్చుకున్నాడట. చేపల గురించి రాయడమంటే చేపల గురించి రాయడం కాదని, ఇన్నేళ్లకు ఒక లెక్కల మాస్టారికి తెలిసింది.

అప్పటి నుంచి ఏది రాసినా ముందు మగ్గం దగ్గరే చదువుతాను. దారం దగ్గరా కొక్కెం దగ్గరా ఆపుతాడు; చేప దగ్గర మాత్రం ఒక్కసారీ ఆపలేదు, కాబట్టి నా చేపలు ఇప్పటికీ పుష్టిగానే ఉన్నాయి. ఒక పువ్వు నింపేలోపు చదవడం అయిపోవాలన్నది ఆయన పెట్టిన షరతు. మొదట్లో రెండు పేజీలకే పువ్వు పూర్తయిపోయేది. ఈ మధ్య ఆయన అద్దాలు మందమయ్యాయి, చెయ్యి నెమ్మదించింది, నాకు నాలుగు పేజీల దాకా దొరుకుతున్నాయి. కాలం ఆయన వేళ్ల నుంచి తీసి నాకిచ్చిన ఆ రెండు పేజీల్లో ఏం రాయాలన్నా, పెళ్లిబట్ట ముట్టేముందు చాచా కడుక్కున్నట్టే చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంటున్నాను.