దగ్గుకు భయపడ్డ వెంకట్రాజం

వరంగల్ గంజి మార్కెట్లో మిర్చి వేలం అంటే వెంకట్రాజమే. రైతుల సరుకు కమిషన్ మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణం వాళ్ల నాయన పెట్టింది, గొంతు మాత్రం ఆయన సొంతం. ములుగు నుంచి, నెక్కొండ నుంచి వచ్చిన రైతులు తమ కుప్పల పక్కన నిలబడి ఆయన కోసం ఎదురుచూసేవాళ్లు. కుప్పలో చెయ్యి పెట్టి ఒక కాయ విరిచి చూసి, ఆయన పాట ఎత్తుకుంటే గేటు బయట చాయ్ బండి దాకా వినిపించేది. మిర్చి ఘాటుకు చుట్టూ అందరూ తుమ్ముతూ దగ్గుతూ ఉంటారు. ఆయనా తుమ్మేవాడు. తుమ్ముకూ తుమ్ముకూ మధ్య ధర పెంచేవాడు. బేరం ఆగిపోయినచోట ఏదో ఒక మాట అని వ్యాపారులను నవ్వించి ఇంకో రూపాయి ఎక్కించేవాడు.

పంతొమ్మిది వందల డెబ్బై ఎనిమిదిలో, వయసు అరవైకి దగ్గర పడుతుండగా, ఆయనకు ఒకరోజు మూత్రం బంద్ అయింది. ప్రోస్టేటు గ్రంథి వాచిందని దవాఖానలో ఆపరేషన్ చేశారు. ప్రాణం కుదుటపడింది. కానీ మూత్రానికి వేసిన గొట్టం తీసి ఇంటికి పంపాక, మంచం మీద నుంచి లేచి నిలబడగానే ధోతి తడిసింది. కొన్నాళ్లకు సర్దుకుంటుందన్నారు. చలికాలం పోయి మిర్చి సీజను వచ్చినా సర్దుకోలేదు. పడుకుంటే ఏమీ లేదు. ఊరికే కూర్చున్నా ఏమీ లేదు. దగ్గినా, తుమ్మినా, నవ్వినా, గొంతు ఎత్తినా మాత్రం ఆయన ప్రమేయం లేకుండానే మూత్రం పడిపోయేది.

అయినా సీజను మొదలైన రోజు గంజికి వెళ్లాడు. మొదటి కుప్ప దగ్గర పాట ఎత్తుకున్నాడో లేదో తొడల మీద వెచ్చగా తగిలింది. తెల్ల ధోతి. చుట్టూ యాభై మంది. ఆయన పక్కనే ఉన్న కుండలో చెంబు ముంచి, తాగబోతున్నట్టు ఎత్తి, ఆ నీళ్లన్నీ ఒంటి మీద గుమ్మరించుకున్నాడు.

"ఏమైంది సేటు?" అని హమాలీ యాకయ్య పరుగెత్తుకొచ్చాడు.

"చెంబు జారింది. కండ్లు తిరుగుతున్నయి. ఇంటికి పోత" అన్నాడు.

ఆ రోజు నుంచి వేలం కొడుకు రాంచందర్ చేతికి వచ్చింది. వెంకట్రాజం దుకాణం వెనక గదిలో, కిటికీ వేసుకొని కూర్చునేవాడు. పెళ్లిళ్లకు పోవడం మానేశాడు. నీళ్లు తాగడం తగ్గించాడు. దాంతో మూత్రంలో మంట మొదలైంది. పాత స్నేహితులు వచ్చి హాస్యమాడితే నవ్వాల్సి వస్తుందని లేచి వెళ్లిపోయేవాడు. పైసలు పెరిగినయి, మనిషికి గర్వం వచ్చిందని బజారులో అనుకున్నారు. ఆ మాట ఆయన చెవిన పడింది. తడుపుకుంటాడు అన్న మాట కన్నా అదే నయమనుకున్నాడు.

భార్య వరలక్ష్మికి మొదటి నుంచీ తెలుసు. ఆయన లంగోటీలో పెట్టుకునే గుడ్డ మడతలు ఉతికేది ఆమే. ఒక మధ్యాహ్నం అవి దండెం మీద ఆరేసి వచ్చి ఆయన ముందు కూర్చుంది.

"ఒక మాట చెప్త. కోపం చెయ్యకుండ్రి."

"చెప్పు."

"నిర్మల పుట్టినప్పటి సంది నాకు గిట్లనే ఉన్నది. బిందె ఎత్తితే పడ్తది, దగ్గితే పడ్తది. పాత చీరెలు చింపి మడతలు ఎందుకు పెట్టుకుంటనో ఎన్నడన్న అడిగిండ్రా?"

వెంకట్రాజం వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టుకున్నాడు. కూతురు నిర్మలకు పెళ్లయి, ఆమె పిల్లలు బడికి పోతున్నారు.

"నాకెందుకు చెప్పలే?"

"మీరు ఎవలకు చెప్పిండ్రు?" అంది వరలక్ష్మి. "నేనైతే బతుకమ్మ ఆడుడు మానలే. పెండ్లిళ్లకు పోవుడు మానలే. మీరు మనుషులనే ఇడిసిపెట్టిండ్రు. ఇంకో డాక్టరుకు చూపిద్దాం, నడువుండ్రి."

హనుమకొండలో ఒక డాక్టరు, వయసు మీద పడ్డాక ఇవన్నీ మామూలేనని పంపించేశాడు. ఇంకొకాయన మాత్రం హైదరాబాదులో ఒక సర్జన్ పేరు రాసిచ్చాడు. మొగుడూ పెళ్లాలు కాజీపేటలో రైలెక్కారు. దారి పొడుగునా ఆయన ఒళ్లో తువ్వాల పరుచుకునే కూర్చున్నాడు.

సర్జన్ దగ్గమన్నాడు. దగ్గాడు. ఏం జరిగిందో సర్జన్ కళ్లారా చూసి, మొహం చిట్లించకుండా కూర్చోమన్నాడు.

"ఆపరేషన్ తర్వాత మీ మూత్రాన్ని బిగబట్టే కండరం బలహీనమైంది. విరిగిన చెయ్యికి మెడలో నుంచి పట్టీ వేసి ఎత్తి కడతాం చూడండి, అట్లనే మూత్రనాళం కింద వలలా అల్లిన ఒక సన్నటి జాలీ పట్టీ వేసి రెండు వైపులా ఎముకకు బిగించి కట్టొచ్చు. దగ్గినప్పుడు అది అదిమి పట్టుకుంటుంది."

"ఆ పట్టీ లోపలనే ఉంటదా డాక్టరు సాబ్?"

"ఉంటుంది. కానీ కొత్త పద్ధతి, గ్యారంటీ ఇవ్వను. కొందరికి తగ్గుతుంది. కొందరికి చీము పట్టి తీసెయ్యాల్సి వస్తుంది. ఆలోచించుకొని రండి."

వెంకట్రాజం ఆలోచించుకోవడానికి వరండాలోకి కూడా పోలేదు. "చెయ్యుండ్రి" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక కాళ్ల మధ్య నొప్పికి చాలా రోజులు ఒక పక్కకే ఒరిగి కూర్చున్నాడు. గొట్టం తీస్తే మూత్రం అసలే రాక, మళ్లీ గొట్టం వేశారు. పోయినసారి ఆగలేదు, ఈసారి రావడమే లేదని భయపడ్డాడు. రెండోసారి తీశాక ధార వచ్చింది. సర్జన్ మళ్లీ దగ్గమన్నాడు. వెంకట్రాజం భయంభయంగా చిన్నగా దగ్గాడు. "గట్టిగా" అన్నాడు సర్జన్. గట్టిగా దగ్గాడు. పక్క పొడిగానే ఉంది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు.

ఆ సంతోషంలోనే, వరలక్ష్మి బయటికి వెళ్లినప్పుడు అడిగాడు. "సాబ్, మా ఇంటామెకు కూడ ఇదే తిప్పలు. నాకన్న ముందు సంది ఉన్నదట. ఆడోళ్లకు ఏమన్న చేస్తరా?"

సర్జన్ నవ్వాడు. "ఈ పట్టీ మొదలుపెట్టిందే ఆడవాళ్ల కోసం. మీ మగవాళ్లకు వేయడమే ఈ మధ్య."

తనకు వచ్చిన ఏడాదికే తాను రైలెక్కాడు. ఆమెకు వచ్చి ముప్పై ఏళ్లయినా ఎవరూ ఎక్కించలేదు. ఈ సంగతి ఆ రోజంతా వెంకట్రాజాన్ని వదల్లేదు. వరలక్ష్మి ఆపరేషన్ వద్దంది. లేడీ డాక్టరు చూసి, అంత అవసరం లేదని, కింది కండరాలు బిగబట్టి వదిలే కసరత్తు నేర్పింది. వరలక్ష్మి బియ్యం ఏరుతూ, ముచ్చట్లు పెడుతూ చేసేది. కొన్ని నెలలకు బిందె ఎత్తినా భయం లేకుండా పోయింది.

తర్వాతి సీజనుకు వెంకట్రాజం గంజికి తిరిగి వచ్చాడు. పూర్తిగా నయమైందని చెప్పలేం. ఘాటుకు వరసగా తుమ్ములు వస్తే చుక్కో రెండో పడేవి. చిన్న గుడ్డ మడత సరిపోయేది. ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావని అడిగినవాళ్లకు మొదట్లో ఏదో ఒకటి చెప్పి తప్పించుకున్నాడు. తర్వాత, ఆయన ఈడువాళ్లు ఎవరైనా గుచ్చిగుచ్చి అడిగితే, చాయ్ బండి దగ్గరికి తీసుకుపోయి ఉన్నదున్నట్టు చెప్పాడు. అట్లా విన్నవాళ్లలో ఒకరిద్దరు చాయ్ గ్లాసు కింద పెట్టి, సర్జన్ పేరు మెల్లగా అడిగారు.

మోకాళ్లు పట్టేసేదాకా, ఇంకో ఐదారేళ్లు ఆయనే పాట పాడాడు.

వరలక్ష్మి అంతకన్నా ముందుకు పోయింది. దుకాణం వెనక షెడ్డులో పొద్దంతా దగ్గుకుంటూ మిర్చి తొడిమలు తీసే ఆడవాళ్ల మధ్య పీట వేసుకొని కూర్చుంది. పక్కనున్న రాజక్కకు ఐదుగురు పిల్లలు, యాకమ్మకు నలుగురు.

"దగ్గితే మీకు పడ్తదా?" అని సూటిగా అడిగింది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకొని, నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. ఆ వారంలోనే వరలక్ష్మి వాళ్లిద్దరినీ రిక్షా ఎక్కించి లేడీ డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.