ఇటుకకు మెత్త

ఈదయ్య బతికున్నప్పుడు, మధ్యాహ్నం అన్నాలు కాగానే లక్ష్మవ్వకు ఒక పని ఉండేది. పిట్టగోడ మీద ఎండబెట్టిన ఆయన తలకింది మెత్తను కిందికి తెచ్చి, కర్రతో నాలుగు దెబ్బలు వేసి, చాప మీద పెట్టాలి. ఆయన దాని మీద తల ఆనించి, ఎడమ చెయ్యి పక్కకు చాపేవాడు. మనవరాలు రేణుక వచ్చి ఆ చేతి మీద వాలేది. కాసేపట్లో ఇద్దరూ కలిసి గురక పెట్టేవారు. ఇప్పుడు లక్ష్మవ్వ చాప ఒక్కటే పరుస్తోంది. మెత్త సజ్జ మీద, పెళ్లిళ్లకు తప్ప దించని పెద్ద గుండిగ వెనక దాక్కుని ఉంది.

దాక్కుని అని ఎందుకు అనాల్సి వచ్చిందంటే, అది ఇంట్లో ఉండకూడనిది. పోయినవాళ్ల పక్కబట్టలు వాళ్లతోనే పోవాలి. పదోనాడు ఈదయ్య దుప్పటీ బొంతా కొడుకు ఎల్లేష్ తన ఆటోలో వేసుకుపోయి వదిలేసి వచ్చాడు. మెత్త ఏదని అడిగితే, ముందే పారేశానని లక్ష్మవ్వ చెప్పింది. పాలమూరు పక్క పల్లె నుంచి మేస్త్రీ పని వెతుక్కుంటూ ఆలుమగలిద్దరూ చిక్కడపల్లికి వచ్చిన కొత్తలో, ఊళ్లోని బూరుగు కాయలు సంచిలో మోసుకొచ్చి, గింజలు ఏరి, దూది కూరి ఈదయ్య తన చేత్తో కుట్టుకున్న మెత్త అది. గోడ కట్టినట్టే కుట్టాడు దాన్ని కూడా. కింద పడితే చప్పుడయ్యేది. ఆయన కట్టిన గోడలు నగరమంతా ఉన్నాయి గానీ వాటిలో ఒక్కటీ ఆమెది కాదు. మిగిలింది ఇదే. కొడుకు కంటబడితే ఇదీ పోతుంది.

ఇట్లా ఉండగా రేణుకతో చిక్కు వచ్చింది. తాత చెయ్యి లేక పిల్ల పగటి నిద్ర మానేసింది. సాయంత్రానికి తూలుతూ గోడలకు గుద్దుకునేది. అన్నం పళ్లెంలో ముఖం పెట్టి ఏడ్చేది. కోడలు శ్రీలక్ష్మి నారాయణగూడలో పిల్లల డాక్టరుకు చూపించింది. రెండేళ్లు నిండేదాకా తలకింద ఏదీ వద్దు, ఈ పిల్లకు నిండాయి కాబట్టి ఇక పెట్టొచ్చు, కాకపోతే చిన్నగా, పలచగా ఉండాలి, మెడ వంగకూడదు అని ఆయన చెప్పాడట. శ్రీలక్ష్మి వస్తూ వస్తూ కుందేలు బొమ్మ ఉన్న చిన్న మెత్త కొనుక్కొచ్చింది.

రేణుక దాన్ని చూసి ఎంతో సంబరపడింది. చాప మీద పడుకోబెట్టింది. తన దుప్పటి తీసి కప్పింది. జోకొట్టింది. అది నిద్రపోయిందని నమ్మకం కుదిరాక, నోటి మీద వేలు పెట్టి అందరినీ గదిలోంచి తోలేసింది. తర్వాత వాకిట్లోకి పోయి రెండు చేతులా ఒక ఇటుకను ఈడ్చుకొచ్చి, దాని మీద తల పెట్టుకుని హాయిగా పడుకుంది.

ఇటుక తీసేస్తే లేచేది. తన ఒడి ఇచ్చి చూసింది లక్ష్మవ్వ. పిల్ల ఒడిలోంచి జారి మళ్లీ ఇటుక వెతుక్కుంది. ఇక చేసేదేం లేక ఆ ఇటుకకు తలంటినట్టు నీళ్లు పోసి తోమి, మెత్తటి తువ్వాల చుట్టి ఇచ్చారు.

“తాత మేస్త్రీ గదనే, బిడ్డ రక్తంలనే ఉన్నది,” అంది పక్కింటి ముత్యాలు. చూసిపోదామని వచ్చి, తన వెంట మరో ఇద్దరిని పిలుచుకొచ్చింది.

ఆ ఇటుక ఇంటి యజమాని వీరరాఘవరావు గారి ప్రహరీలోది. అది ఊడిన సందులోంచి గాంధీనగర్ దాకా ఉన్న పిల్లులన్నీ వచ్చి పాలు తాగిపోతున్నాయని ఆయన గొడవకు వచ్చాడు. పిల్ల నిద్రను చూసి గొంతు తగ్గించి, “లేచాక ఇటుక పంపించమ్మా, అందాకా నేనక్కడ కూర్చుంటాను,” అన్నాడు. అన్నట్టే రోజూ మధ్యాహ్నం కుర్చీ వేసుకుని ఆ సందుకు అడ్డంగా కూర్చునేవాడు. పిల్ల లేవగానే ఇటుక గోడలోకి పోయేది. మర్నాడు అన్నాలయ్యాక మళ్లీ వచ్చేది.

పైగదిలో కిరాయికి ఉండే భానుప్రకాశ్‌కు ఇది చూడబుద్ధి కాలేదు. సర్కారు పరీక్షలకని అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుంటున్న పిల్లవాడు. ఇటుకంత లావున్న తన చరిత్ర పుస్తకం తెచ్చి, మధ్యకు తెరిచి పిల్ల తలకింద పెట్టాడు. పిల్ల తల అటూ ఇటూ కదిపి చూసి, ఒప్పుకుని నిద్రపోయింది. తీరా ఆ రోజు అతను చదవాల్సింది ఆ పుస్తకమే. బోర్లా పడుకుని, తెరిచి ఉన్న పేజీలో కనబడినంత మేరా చదువుకున్నాడు.

“అవ్వా, జర బిడ్డను ఇటు తిప్పరాదు. మొఘలులందరు చెవి కిందనే ఉన్నరు,” అన్నాడు.

ఆమె తిప్పలేదు. మర్నాడు మళ్లీ ఇటుకే వచ్చింది.

ఆ మధ్యాహ్నం లక్ష్మవ్వ నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చుని, ఇటుక పక్కన తన చెయ్యి ఆనించి చూసుకుంది. తన చెయ్యి సన్నం. ఈదయ్య చెయ్యి అయితే ఇటుకతో సరిగ్గా సమానంగా వచ్చేది. ఇటుకలు మోసి మోసి ఆయన చెయ్యి కూడా అట్లాగే అయింది. పిల్ల వెతుక్కుంటున్నది ఆ గట్టిదనాన్ని, ఆ ఎత్తును.

ఆమె చూపు సజ్జ మీదికి పోయింది. కానీ పోయినవాళ్ల మెత్త పసిపిల్ల తలకింద పెడితే పిల్లకు వాళ్ల కలలే వస్తాయని ముత్యాలు ఒకసారి అంది. వస్తే ఏమొస్తాయి, సున్నం, ఇసుక, చాయ్ వస్తాయి అనుకుంది లక్ష్మవ్వ. అయినా గుండె ఒప్పలేదు. ఒకరోజంతా ఆలోచించి, గుడ్డ ఆయనది, దూది చెట్టుది అని తేల్చుకుంది. చెట్టుకు అంటు ఏముంటుంది?

ఎవరూ లేనప్పుడు మెత్త దించి ఒక పక్క కుట్టు విప్పింది. కోడలి పాత చీర ముక్కతో చిన్న సంచి కుట్టి, అందులో ఒక్క పిడికెడు దూది పెట్టింది. డాక్టరు చెప్పినట్టు చపాతీ అంత పలచగా వచ్చింది. రేణుక దాన్ని తట్టి చూసింది. వాసన చూసింది. ఇటుకను ఎత్తి, దాని కింద పెట్టింది.

ఆ విధంగా ముందు ఇటుకకు మెత్త దొరికింది.

పిల్ల చూడనప్పుడు లక్ష్మవ్వ ఆ సంచిలో ఇంకో పిడికెడు వేసింది. మళ్లీ కొన్నాళ్లకు ఇంకొంత. ఇటుక రోజురోజుకూ పైకి లేచింది. పిల్ల నేల టికెట్టులో కూర్చుని సినిమా చూస్తున్నట్టు మెడ ఎత్తి పడుకోవాల్సి వచ్చింది. చివరికి ఒక మధ్యాహ్నం విసుగొచ్చి, “పో,” అని ఇటుకను కాలితో నెట్టేసి, మిగిలిన దాని మీద తల పెట్టుకుంది. గురక కూడా పెట్టింది.

వీరరాఘవరావు సిమెంటు కలిపించి ఇటుకను గోడలో పెట్టించుకున్నాడు. మధ్యాహ్నం మాత్రం అలవాటు కొద్దీ వచ్చి, మూసేసిన సందు ముందే కూర్చుంటున్నాడు.

మెత్త ఇప్పుడు మరీ లావైంది. డాక్టరు మాట ప్రకారం పలచన చేయాలి. లక్ష్మవ్వ కొంచెం కొంచెంగా దూది తీసి సజ్జ మీది మెత్తలో వేయడం మొదలుపెట్టింది. అందులోంచి ఇందులోకి, ఇందులోంచి అందులోకి రావడం పోవడం చేస్తుంటే దూది గదంతా ఎగిరింది. ఒకరోజు ఎల్లేష్ కూతురి జుట్టులోంచి ఒక పింజ తీసి, ఇదెక్కడిదని అడిగాడు. లక్ష్మవ్వ చేతిలోని చాట చేతిలోనే ఉండిపోయింది.

“నా పాత చీరె గదా, పోగులు లేస్తున్నయి,” అంది శ్రీలక్ష్మి.

అతను పింజను ఊది, ఆటో తీసుకుని పోయాడు. శ్రీలక్ష్మి ఒకసారి సజ్జ మీది గుండిగ వైపు చూసింది. తర్వాత అత్త వైపు చూడకుండానే మాట్లాడింది.

“ఆ చిన్న మెత్త మూతి కుట్టరాదు అత్తమ్మా. మళ్ల చూస్తే ఊకోడు.”

“కుడతనే,” అంది లక్ష్మవ్వ.

అన్నాలయ్యాక చాప పరిచింది. సూదిలో దారం ఎక్కించి, ముడి వేసి, నిద్రపోతున్న పిల్ల పక్కన కూర్చుంది. మూతి ఇంకా తెరిచే ఉంది. అందులో చెయ్యి పెడితే పిల్ల తల వేడికి దూది వెచ్చగా తగిలింది. ఇప్పుడు కుట్టేస్తే ఇందులో ఉన్నది ఇందులోనే, సజ్జ మీది దాంట్లో ఉన్నది దాంట్లోనే ఉండిపోతుంది.

ఆమె లేచి, సూదిని గోడకున్న క్యాలెండరుకు గుచ్చింది. దారం కిందికి వేలాడుతూ ఉండగా వచ్చి, పిల్ల పక్కన తన సన్నటి చెయ్యి చాచి పడుకుంది.