డాక్టరమ్మ కారుకు మా నాయిన చేసిన రేకు

మా సిరిసిల్ల గల్లీ మొదట్లో బండ్లు బాగుచేసే షెడ్డు ఉంది. పొద్దున పది దాటితే అక్కడ ఎవరో ఒకరు ఇంజను విప్పుతారు, కాలిన నూనె వాసన గాలికి కొట్టుకొచ్చి మా వంటింట్లో చొరబడుతుంది. కోడలు ముక్కు మూసుకుని కిటికీ వేస్తుంది, నేను మళ్లీ తీస్తాను. ఆ వాసన వస్తే నా చెయ్యి తనంతట తానే ఎండుమిరపకాయల కుండ మీదికి పోతుంది. ఆ కుండకు మూతగా అర జానెడు వెడల్పు, జానెడు పొడవు ఉన్న రేకు ముక్క ఒకటి ఉంది. నన్ను చేసుకున్న మనిషి పోయి ఎన్నో ఏండ్లయింది, ఆయన తెచ్చిన బిందెలు కూడా చిల్లులు పడి పోయాయి, ఈ రేకును మాత్రం నేను పాత ఇనుము వాడికి వేయలేదు. ఇది మా నాయిన చేసింది. చేసింది కూడా తప్పుగా చేసింది. అందుకే నా దగ్గర మిగిలింది.

నా పుట్టిల్లు కోరుట్ల. మాకు గుంట భూమి లేదు, ఉన్నదల్లా బజారు చివర తాటికమ్మల పందిరి, దాని కింద నాయిన కత్తెర, సుత్తె, బొగ్గుల కుంపటి. నాయిన కందిళ్లు, అంటే లాంతర్లు చేసేవాడు, బకెట్లకు చెవులు వేసేవాడు, చిల్లు బిందెలకు తగరం కరిగించి మాటు వేసేవాడు. చేసిన ప్రతి సామానులో నీళ్లు పోసి, ఎండలో పెట్టి, కింద పొడి బూడిద చల్లి, ఒక్క చుక్క తడి కనబడకపోతేనే ఇచ్చేవాడు. ఆ బూడిద నేనే చల్లేదాన్ని. ఎండాకాలం పొద్దున జొన్న గట్క, మధ్యాహ్నం మామిడికాయ తొక్కుతో రొట్టె, సాయంత్రం ఎవరైనా ఇప్పపువ్వు వేయించి తెస్తే దాని తీపి వాసన. నా వేళ్లకు మాత్రం ఎప్పుడూ తగరం వాసనే. రేకు ముక్కల్లో గుండ్రటివి ఏరి గచ్చకాయలకు బదులు ఆడితే అవ్వ, అంటే నా కన్నతల్లి, "చేతులు కోసుకుంటవే రాజవ్వా" అని అరిచేది.

తెలంగాణ కొట్లాట మొదటిసారి లేచిన ఏడాది అది. బడి బందయింది. బస్సులు బందయ్యాయి. చౌరస్తాలో టైర్లు కాలుతుంటే ఆ నల్లటి పొగ మా పందిరి దాకా వచ్చేది, పెద్ద పిలగాండ్లు జెండాలు పట్టుకుని పోతుంటే మేము వెనక ఉరికి గొంతు పోయేదాకా అరిచేవాళ్లం. నా గొంతు ఇట్లా బొంగురుగా నిలబడింది అప్పుడేనని మా నాయిన నవ్వేవాడు.

ఆ ఎండల్లోనే అవ్వ కాన్పుకని సిరిసిల్లలో అమ్మమ్మ ఇంటికి పోయింది. నా తరువాత ఇద్దరు పుట్టి, పుట్టిన పూటే పోయారు. ఒకరోజు మా మేనమామ సిరిసిల్ల నుంచి సైకిలు తొక్కుకుంటూ చెమటతో నల్లబడి వచ్చాడు. కడుపులో బిడ్డ అడ్డం తిరిగిందట, రెండు మూడు రోజుల్లో కాన్పట, మంత్రసాని తన వల్ల కాదని చేతులెత్తేసిందట. నాయిన కూర్చున్న చోటినుంచే డాక్టరమ్మ ఇంటికి ఉరికాడు. కోరుట్లలో ఉన్న ఒక్క ఆడ డాక్టరు ఆమె. రావడానికి ఆమె సిద్ధమే, కానీ ఆమె కారు సిద్ధంగా లేదు.

దొరల కాలం నాటి నల్లటి కారు అది. ఇంజను మీది మూతకు లోపల ఒక అడ్డ రేకు ఉంటుంది. లోపల ఎగిరి పడే నూనెను అది ఆపుతుంది, వేడి పొగను మాత్రం పైగొట్టంలోకి వదులుతుంది. ఆ రేకు తుప్పు పట్టి విరిగింది. నూనె అంతా పొగతో కలిసి గొట్టంలోంచి పోతోంది, పది మైళ్లకు డబ్బా ఖాళీ. డ్రైవరు లచ్చయ్య ఆ రెండు ముక్కలను, ఇంజను మూతను గుడ్డలో చుట్టి తెచ్చాడు.

"హైద్రాబాద్ నుంచి సామాను రాదు మల్లన్నా, లారీలు గూడ బందువెట్టిండ్రు. నువ్వే ఏదన్న జెయ్యాలె."

"నేను కందిళ్లు జేసేటోన్ని లచ్చయ్యా. ఇంజను సంగతి నాకేమెరుక?"

"గిది రేకే గదనే. నీ చేతిల రేకు మాట ఇనకుంట ఎన్నడన్న ఉన్నదా?"

నాయిన ముక్కలను కలిపి నేల మీద పెట్టి, బొగ్గుతో గీత గీసి, కిరసనాయిలు డబ్బా రేకు కోశాడు. పాత రేకు అంచులకూ మూతకూ మధ్య వేలెడు సందు ఉండేదని గుర్తులు కనబడుతూనే ఉన్నాయి. నాయిన దాన్ని చూసి, "ఎవడో పనిరానోడు జేసిండు, నాలుగు దిక్కుల సందిడిసిండు" అన్నాడు. కొత్త రేకును మూతకు ఆనించి చుట్టూ తగరంతో మాటు వేశాడు. నీళ్లు పోశాడు, నేను బూడిద చల్లాను, చుక్క కారలేదు. నా జీవితంలో నాయిన అంత మురిసిపోవడం అంతకు ముందు చూడలేదు.

గంటలోపే లచ్చయ్య తిరిగొచ్చాడు. కారు తోసుకుని వచ్చాడు. పొగకు దారి లేక లోపల ఒత్తిడి పుట్టి, నూనె కొలిచే కర్ర గొట్టంలోంచి, మూత అంచుల్లోంచి నూనె చిమ్మింది. లచ్చయ్య తెల్లంగి తెల్లగా లేదు.

"ఏం జేసినవే మల్లన్నా! బండిని బిందెననుకున్నవా?"

"నా చేతికెళ్లి సుక్క కారిన సామాను ఇయ్యాల్టిదాక పోలేదు."

"గందుకే పానం దీసింది!"

నాయిన మాటు కరిగించి రేకును ఊడబీకి విసిరికొట్టాడు. కుంపటి ముందు తల పట్టుకుని కూర్చున్నాడు. ఆయన చూపు సిరిసిల్ల దారి మీదే ఉంది. నాకు ఏడుపొచ్చింది. ఎదురుగా సగం చేసిన కందిలి ఉంది, దాని టోపీని తిప్పుతూ అడిగాను.

"నాయినా, కందిలికి టోపీ కింద సందెందుకు ఇడుస్తవు?"

"ఇడువకుంటే పొగ ఏడికి వోతది? దీపం సస్తది."

"మరి వాన వడితె?"

"వాన టోపీ మీదనే జారి…" అని, ఆగిపోయాడు. నా చేతిలోని కందిలిని చూశాడు, కారు మూతను చూశాడు. "గిది గూడ టోపీయేనా బిడ్డా!" అన్నాడు.

ఈసారి డబ్బా రేకు వద్దన్నాడు, పలచనిది అదురుకు చినుగుతుందట. మందపు రేకు ఎక్కడిది? నేను ఇంట్లోకి ఉరికి నా బడి రేకుపెట్టె తెచ్చి, మూత పీకి ఇచ్చాను.

"బడి తెరిస్తెనో?"

"తెరిసినంక సూద్దాం తియ్యే."

బడి తెరిచాక మూత లేని పెట్టె పట్టుకుని పోనన్నాను, ఎవరూ బలవంతం చేయలేదు. నా అక్షరాలు అక్కడే ఆగాయి. దానికి నేను ఎన్నడూ బాధపడలేదు.

నాయిన రేకు అంచులు కిందికి వంచి, వేలెడు ఎత్తు కాళ్లు నాలుగు పెట్టి, బకెట్ చెవులకు వేసే రివిట్లతో బిగించాడు. ఇరుకు మూతలో నా చిన్న చెయ్యి పట్టింది కాబట్టి లోపల ఇనుప దిమ్మ నేనే ఆనించాను. సుత్తె దెబ్బ ఒక్కొక్కటి మోచేతి దాకా జుమ్మనేది. రివిటు తలల మీద మాత్రం బయటినుంచి చుక్కంత మాటు. పైగొట్టానికి నాయిన తన కొత్త తెల్ల రుమాలు కట్టాడు. లచ్చయ్య మెట్‌పల్లి దారి పట్టి రెండు గంటల తరువాత వచ్చాడు, దూరం నుంచే హారను కొడుతూ. రుమాలు విప్పి నా ముఖం ముందు పరిచాడు. కొంచెం పొగ రంగు, ఒక్క చుక్క నూనె లేదు.

మరునాడు తెల్లవారగానే బయలుదేరాం. ఇంజను మాట వినాలని నాయిన, రేకు నాది కూడా అని నేను. జగిత్యాల చౌరస్తాలో పిలగాండ్లు రాళ్లతో అడ్డం వచ్చారు. డాక్టరమ్మ దిగబోతుంటే నేను కిటికీలోంచి తల బయటపెట్టి, ఉన్న గొంతంతా తీసి జై తెలంగాణ అని అరిచాను. "మా అవ్వకు కాన్పు! గీ బండి మా నాయిననే బాగుజేసిండు!" అన్నాను. వాళ్లు నవ్వారు. కాలుతున్న టైరును కర్రతో పక్కకు లాగి, "పో పో, మీ అవ్వకు మా తెలంగాణ పోరడు బుట్టాలె" అని దారిచ్చారు. కొండగట్టు దగ్గర నాయిన దిగలేదు, కూర్చునే అంజన్నకు మొక్కాడు, చెవి మాత్రం ఇంజను మీదే. వేములవాడ దాటాం. సిరిసిల్ల గల్లీల్లో మగ్గాల చప్పుడు వినబడగానే ఆయన ఊపిరి వదిలాడు.

ఎండ వాలకముందే లోపల పసిబిడ్డ కేక వినబడింది. సన్నగా కాదు, గల్లీ అదిరేటట్టు. డాక్టరమ్మ బయటికి వచ్చి, "ఆడపిల్ల మల్లయ్యా, తల్లి కూడ బాగుంది" అంది. నాయిన లోపలికి పోకుండా కారు దగ్గరికి పోయి, వేడి మూత మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. తరువాత ఆ రుమాలును తలకు చుట్టుకుని సిరిసిల్ల బజారంతా తిరిగాడు. మిరుగం, అంటే మృగశిర కార్తె వానలు పడేదాకా దాన్ని విప్పలేదు.

ఇప్పుడు కోరుట్లలో ఆ పందిరి లేదు. కందిళ్లు లేవు, మాటు వేసేవాళ్లు లేరు, చిల్లు పడితే బిందెనే పారేస్తారు. మంచి రేకు కారుతోనే పోయింది, ఏ ఇనుప కుప్పలో కరిగిందో. తప్పు రేకు నా కుండ మీద ఉంది. దాన్ని బిగించి పెట్టను, వేలెడు సందు వదులుతాను, మిరపకాయలకూ గాలి ఆడాలి. మా చెల్లె గంగ పండుగకు వస్తుంది. ఆమె ఆటో దిగకముందే గొంతు వినబడుతుంది, ఆనాడు గల్లీ అదిరిన గొంతే. వచ్చీ రాగానే కుండ మూత ఎత్తి, "అక్కా, గిదేనా నన్ను ఆపబోయిన రేకు?" అని దాని మీద వేలితో టకటక కొడుతుంది.