గేటు దగ్గర కదలని మనిషి

మా ఆయన్ని కంటోన్మెంటులో అందరూ స్తంభం అంటారు. మెయిన్ గేటు దగ్గర డ్యూటీలో నిలబడ్డారంటే ముక్కు మీద ఈగ వాలినా కదలరు. ఇంట్లో పని చెప్పినా అంతేననుకోండి, అది వేరే సంగతి. కొత్తగా చేరినవాళ్లకు డ్రిల్లు నేర్పే ఉద్యోగం కోసం ఆయన ఏళ్ల తరబడి కళ్లల్లో వత్తులు వేసుకుని ఎదురుచూశారు. ఈ ఏడు మేజర్ గారి ఆఫీసుకి ఆయన పేరు వెళ్లింది కూడా.

అంతలో మా కంటోన్మెంటును స్మార్ట్ సిటీలా మార్చడం మొదలుపెట్టారు. చెత్తబుట్ట నిండితే తనే కబురు పంపుతుంది. నీళ్ల ట్యాంకు ఫోనుకి మెసేజ్ పెడుతుంది. నేను యూనిఫాంలు కుట్టే గదిలో అడుగుపెడితే చాలు, లైటు వెలుగుతుంది. ఇది మాత్రం నాకు తెగ నచ్చింది. మా ఆయన నిలబడే గేటు కాపలా గదిలోనూ ఓ సెన్సరు బిగించారు. మనిషి ఉంటే ఫ్యాను తిప్పి, ఉన్నాడని కంట్రోల్ రూముకి చెబుతుందట. లేకపోతే లేడని చెబుతుందట. ఆ ఫ్యాను ఊరికే ఆగిపోతోందని మా ఆయన విసుక్కునేవారు. కొత్త సామానంతా ఇంతేలెమ్మని నేను పట్టించుకోలేదు.

ఒకరోజు మొహం వేలాడేసుకుని ఇంటికొచ్చారు.

"రాకపోకలు తగ్గే మధ్యాహ్నాలు నేను పోస్టులో ఉండట్లేదట. కంట్రోల్ రూము స్క్రీను మీద ఖాళీ అని వస్తోందట. రేపు మేజర్ గారు రమ్మన్నారు. ఇక డ్రిల్లు ఉద్యోగం మీద ఆశ వదులుకోవాల్సిందే."

"మరి ఎక్కడికెళ్తున్నారు?" అని నోరు జారాను.

ఆయన నా వంక ఓసారి చూసి, భోజనం చేయకుండానే పడుకున్నారు. నా నోటిని నేనే తిట్టుకున్నాను.

మర్నాడు మేజర్ గారి యూనిఫాంలు ఇచ్చే నెపంతో నేనూ వెళ్లి వరండాలో బల్ల మీద కూర్చున్నాను. కిటికీల్లేని గదిలో మా ఆయన్ని నిలబెట్టి, మేజర్ గారు ఫోను మాట్లాడటానికి పక్క గదిలోకి వెళ్లారు. తలుపు ఓరగా తీసి ఉంది. మా ఆయన అటెన్షన్‌లో నిలబడ్డారు. కాసేపటికి ఫ్యాను ఆగింది. తర్వాత లైట్లూ ఆరిపోయాయి. చీకట్లోనూ ఆ మనిషి ఉలకలేదు, పలకలేదు. అప్పుడు వెలిగింది నాకు అసలు సంగతి. "కాస్త కదలండి మహాప్రభో" అని అరవబోయి నోరు నొక్కుకున్నాను.

మేజర్ గారు తిరిగొచ్చి గుమ్మంలో ఆగారు. "ఇక్కడే ఉండమన్నాను కదా, ఎటు పోయాడు?"

"ఇక్కడే ఉన్నాను సార్!" అని చీకట్లోంచి మా ఆయన గొంతు.

మేజర్ గారు లోపలికి అడుగేశారు. లైట్లు వెలిగాయి. ఒళ్లంతా చెమటతో, చూపు తిప్పకుండా మా ఆయన నిలబడే ఉన్నారు. మేజర్ గారు ఒకసారి ఆయన్ని, ఒకసారి పైకప్పుకున్న సెన్సరునీ చూసి పగలబడి నవ్వారు.

"నువ్వు కదలకపోతే లేవంటోందా ఇది? డ్రిల్లు నేర్పడానికి నీకంటే ఎవరు దొరుకుతారయ్యా!" అని అక్కడికక్కడే ఆ ఉద్యోగం ఆర్డరు మీద సంతకం పెట్టేశారు.

తిరిగొస్తుంటే మా ఆయన దారిలో ఆగారు.

"ఆ డబ్బా నేను లేనని చెబితే నాకు బాధ లేదే. నువ్వు అడిగావు చూడు..."

"బుద్ధి గడ్డి తిని అడిగాను. ఇంకెప్పుడూ అడగను" అని ఆయన చెయ్యి పట్టుకున్నాను. యూనిఫాంలో ఉన్నారు, నడిరోడ్డు, విదిలించుకుంటారనుకున్నాను.

కదల్లేదు.